ముల్లు తిప్పక్కర్లేని గడియారం

సింగపూర్ మీదుగా అమెరికా వెళ్ళి ఇంటికి వచ్చి వారం అయింది. మా ఆవిడ ఇప్పటికీ రాత్రి రెండింటికి లేచి కూర్చుని "ఏవండీ, తెల్లారిందా?" అంటోంది. గుర్తున్నదంతా చెదిరిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

31 ఏళ్ళు గోదావరి జిల్లాల హైస్కూళ్ళలో సోషల్ చెప్పాను. గ్లోబు మీద దారం పెట్టి ఊళ్ళ మధ్య దూరం కొలవడం ఏటా పిల్లలతో చేయించేవాణ్ణి. సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌కి ఎక్కడా దిగకుండా పోయే విమానం 2004లో మొదలైనప్పుడు, ఆ వార్త కత్తిరించి క్లాసు గోడకి అంటించాను. నాలుగు ఇంజన్లకి అయ్యే ఇంధనం ఖర్చు గిట్టక 2013లో దాన్ని ఆపేశారు. 2018 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు రెండు ఇంజన్ల కొత్త ఎయిర్‌బస్‌తో మళ్ళీ మొదలుపెట్టారు. ఈలోగా నేను రిటైరయ్యాను.

మా అబ్బాయి సింగపూర్‌లో, అమ్మాయి న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటారు. అమెరికా వెళ్ళడానికి గల్ఫ్ మీదుగా అయితే దూరమూ తక్కువ, ఖర్చూ తక్కువ. కానీ మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. తెలియని చోట దిగి ఇంకో విమానం వెతుక్కోవాలంటే టెన్షన్. "దారిలో పిల్లాణ్ణి చూసుకుని, అక్కణ్ణుంచి ఒక్క దూకులో పిల్ల దగ్గరికి పోదాం" అంది. ఆ విమానంలో మామూలు ఎకానమీ సీట్లు లేవు. ఉన్న 161లో 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. రానూపోనూ ఒక్కొక్కరికి రెండు లక్షలు దాటింది. సగం మేం పెట్టుకున్నాం, మిగతాది పిల్లలిద్దరూ పంచుకున్నారు.

సింగపూర్, 2024 అక్టోబర్ 15, 16

దసరా వెళ్ళిన రెండో రోజు రాత్రి విశాఖలో ఎక్కి, తెల్లారేసరికి సింగపూర్‌లో దిగాం. నా చేతికున్నది పెళ్ళిలో మామగారు పెట్టిన హెచ్ఎంటీ, రోజూ కీ ఇవ్వాలి. దిగగానే ముల్లు రెండున్నర గంటలు ముందుకి తిప్పాను. మళ్ళీ చాలా రోజులు దాన్ని తిప్పే అవసరమే రాలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదటి రోజు లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్‌కి తీసుకెళ్ళాడు అబ్బాయి. కింద చేపలు, కూరగాయలు, పూలు అమ్మే మార్కెట్, దాని పక్కనే వరసగా తిండి దుకాణాలు. మధ్యాహ్నం ఒంటిగంటకి కాలు పెట్టే సందు లేదు. ఖాళీగా ఉన్న ఒక బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్ ఉంది. ఎవరో మరిచిపోయారనుకుని మా ఆవిడ దాన్ని పక్కకి జరిపి కూర్చుంది. కాసేపటికి ఒక చైనీస్ అమ్మాయి చేతిలో ట్రేతో వచ్చి నిలబడింది. అక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ బల్ల ఎవరో పట్టుకున్నట్టు లెక్కట. దాన్ని 'చోప్' చేయడం అంటారు. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే. మేం లేవబోతే ఆ అమ్మాయి వద్దని సైగ చేసి ఎదురు కుర్చీలో సర్దుకుంది. మా ఆవిడ అరటికాయ వేపుడు నాలుగు ముక్కలు ఆ ట్రేలో వేసింది. ఆ పిల్ల మొహమాటపడకుండా తినేసింది.

టీ ఒకటిన్నర డాలర్లు, మన డబ్బుల్లో వంద రూపాయలకి కాస్త తక్కువ. మొదటి రెండు టీలకి మనసులో లెక్క వేసుకున్నాం, తర్వాత మానేశాం. తిన్న ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, బల్ల మీద వదిలేస్తే జరిమానా కూడా ఉంది. డెబ్బై దాటిన వాళ్ళు కూడా వణికే చేతులతో మోసుకెళ్ళి పెడుతున్నారు. నాకు అది బాగా నచ్చింది.

రెండో రోజు సాయంత్రం వాన. మనవడి బల్ల మీద గ్లోబు కనబడింది, 30 సెంటీమీటర్లది. నా చేతులు ఊరుకోలేదు. నానమ్మ పూలదండల కోసం తెచ్చుకున్న దారం అడిగి తీసుకుని వాణ్ణి కూర్చోబెట్టాను. ఆ గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు. విశాఖ నుంచి న్యూవార్క్‌కి దారం లాగితే జానా బెత్తెడు, దాదాపు 13,100 కిలోమీటర్లు. సింగపూర్ నుంచి లాగితే 36 సెంటీమీటర్లు, అంటే 15,300 పైచిలుకు. పుస్తకాల్లో ఉండే లెక్క 15,344. మేం విశాఖ నుంచి సింగపూర్‌కి వచ్చిన 2,900 కిలోమీటర్లు అసలు వెనక్కి వేసిన అడుగన్నమాట.

వాడు దారం వంక చూసి "తాతయ్యా, ఇది ఉత్తర ధ్రువం మీదుగా పోతోంది" అన్నాడు. నిజమే. సింగపూర్ 104 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, న్యూవార్క్ 74 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే 178. అంటే భూమికి ఇది ఒక పక్క, అది సరిగ్గా ఆ పక్క. దగ్గరి దారి నిట్టనిలువుగా ఉత్తరానికి పోయి, ధ్రువం పక్కగా అవతలికి దిగడమే. "అయితే మంచు కనిపిస్తుందా?" అని అడిగాడు. విమానం ఆ దారిన పోదని చెప్పాను. అమెరికా వెళ్ళేటప్పుడు పసిఫిక్ మీదుగా పోతుంది. దారి సుమారు 16,700 కిలోమీటర్లు అవుతుంది, కానీ వెనకనుంచి గాలి తోస్తుంది.

చిన్నప్పుడు మా కోటిపల్లి రేవులో పడవవాళ్ళు చేసేది ఇదే. అవతల ముక్తేశ్వరం కళ్ళెదుటే కనబడుతుంటుంది. అయినా గోదావరి ఎర్రనీరు దిగిన రోజుల్లో సరంగు పడవని సూటిగా వదలడు. ఒడ్డు పట్టుకుని పైకి లాక్కెళ్ళి, అక్కణ్ణుంచి వాలుకి వదిలితే నీరే అవతల రేవుకి చేరుస్తుంది. దగ్గరి దారి వేరు, త్వరగా చేర్చే దారి వేరు. ఈ పోలిక నాకు 31 ఏళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. పాఠం చెప్పిన పిల్లలందరికీ ఇప్పుడు చెప్పాలనిపించింది.

విమానంలో, అక్టోబర్ 17 రాత్రి నుంచి

ఆ రోజు పౌర్ణమి. చాంగి విమానాశ్రయానికి వెళ్ళే దారిలో చెట్లపైన చంద్రుడు ఇత్తడి పళ్ళెంలా ఉన్నాడు. విమానం కదిలేది రాత్రి 11:35కి. అబ్బాయి లోపలికి రాలేని గీత దగ్గర ఆగిపోయాడు. వాళ్ళమ్మ నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

రెక్కల్లోనూ పొట్టలోనూ కలిపి 1,65,000 లీటర్ల ఇంధనం పట్టే విమానం అది. అదే రకం మామూలు ఎయిర్‌బస్ ఏ350-900లో పట్టేదానికంటే 24,000 లీటర్లు ఎక్కువ. నలుగురు పైలట్లు వంతులవారీగా నడుపుతారు. పైకి లేచేటప్పుడు చాలాసేపు పరుగెత్తింది. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎనిమిదో గోవింద దగ్గర వదిలింది.

మొదటి భోజనం అయ్యాక దీపాలు తగ్గించారు. నేను నాలుగు గంటలు పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి ఎదురు తెరమీద జపాన్ తూర్పు తీరం. కుడివైపు కిటికీ మాది. దాని తెర కొంచెం ఎత్తితే సముద్రం చివర ఎర్రటి గీత. నా గడియారంలో అయిదు దాటి అయిదు నిమిషాలు. అక్టోబర్ 18వ తేదీ సూర్యోదయం.

ఆ తర్వాత పగలు చాలా తొందరగా నడిచిపోయింది. మేం తూర్పుకి పోతున్నాం, సూర్యుడు పడమటికి పోతున్నాడు, ఎదురెదురుగా వస్తున్న రెండు రైళ్ళలా. నా గడియారం ఎనిమిదిన్నర చూపించేటప్పటికి బయట నడినెత్తి మధ్యాహ్నం. అదే వేళకి తెరమీద మా విమానం బొమ్మ అంతర్జాతీయ దినరేఖ దాటింది. అంటే అప్పటిదాకా 18వ తేదీలో ఉన్నవాళ్ళం మళ్ళీ 17లోకి వచ్చేశాం. పదకొండు దాటాక సూర్యుడు అస్తమించాడు. పగలు మొత్తం ఆరు గంటలే. మా ఆవిడకి ఈ లెక్క చెబితే, "మరి ఇవాళ సంధ్యాదీపం ఏ తేదీకి పెట్టినట్టు?" అంది. నాకు జవాబు దొరకలేదు.

పదమూడు గంటలు దాటాక ఒళ్ళు మాట వినదు. నడుము, మడమలు, మెడ ఒకదాని తర్వాత ఒకటి గుర్తు చేస్తాయి. డాక్టరు చెప్పిన బిగుతు సాక్సులు వేసుకున్నా మా ఆవిడ పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. ఆవిణ్ణి లేపి వెనక వంటగది పక్కనున్న ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళాను. అక్కడ సింగపూర్ చైనీస్ పెద్దాయన ఒకరు గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించుతున్నారు. ఎనభై దగ్గర ఉంటాయి. పెద్ద కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడట, ఇది ఈ దారిలో ఆయనకి ఏడో ప్రయాణమట. మమ్మల్ని చూసి "ఇరవైసార్లు, గంటకోసారి" అని వేళ్ళతో చూపించారు. ముగ్గురం వరసగా నిలబడి మడమలు ఎత్తాం. ఆయన భార్య కిందటేడు పోయారని మాటల్లో తెలిసింది. అంతకుముందు ఆరుసార్లూ ఇద్దరూ కలిసి వచ్చారట.

మా ఆవిడ సీటు దగ్గరికి వెళ్ళి పొద్దున చేసిన పులిహోర డబ్బా తెచ్చింది. సింగపూర్‌లో కరివేపాకు బాగా దొరికిందని దండిగా వేసింది. పెద్దాయన చెంచాతో ఒక్కో ముద్దా నెమ్మదిగా తిని, కరివేపాకు కూడా నమిలి, చివర్లో రెండు చేతులూ జోడించారు. నేను మాత్రం ఆవిడ చేసిన పులిహోర అంత రుచిగా ఎప్పుడూ తినలేదు. 11 కిలోమీటర్ల ఎత్తున, చీకట్లో, నిలబడి తిన్నది.

కెనడా మీద ఉండగా తెర ఎత్తితే మళ్ళీ చంద్రుడు. నిండుగానే ఉన్నాడు. ఒక్క పౌర్ణమికి మాకు రెండు రాత్రులు దొరికాయి.

న్యూవార్క్, ఎడిసన్, అక్టోబర్ 18, మళ్ళీ

దిగేసరికి అక్కడ ఉదయం ఆరుంబావు. నా గడియారం వంక చూశాను. ఆరుంబావే! సింగపూర్‌కీ న్యూయార్క్‌కీ ఆ రోజుల్లో సరిగ్గా పన్నెండు గంటల తేడా. అక్కడ సాయంత్రం ఆరుంబావు, ఇక్కడ ఉదయం ఆరుంబావు. భూమికి ఆ పక్కకి వచ్చేశాం, కానీ ముల్లు వెంట్రుకవాసి కూడా కదపక్కర్లేదు. పద్దెనిమిదిన్నర గంటల ప్రయాణంలో ఇంత సంతోషం ఇంకెక్కడా కలగలేదు. ఆ గడియారం పెట్టిన మామగారు రాజమండ్రి దాటి మద్రాసు వరకే వెళ్ళారు జీవితంలో.

తిండి సామాను ఉందని ముందే చెప్పాం, చెప్పకపోతే తప్పు. కస్టమ్స్ ఆఫీసరు పెట్టె తెరిపించాడు. ఆవకాయ సీసా చూసి తల ఊపాడు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తీసి చాలాసేపు చూశాడు. "కాగితమా?" అని అడిగాడు. బియ్యంతో చేసిన మిఠాయి అని చెబితే నమ్మలేనట్టు వేలితో తాకి, డబ్బా ఎంత జాగ్రత్తగా తెరిచాడో అంత జాగ్రత్తగా మూసి ఇచ్చాడు. ఇంటికెళ్ళి విప్పితే ఇరవైలో పధ్నాలుగు చెక్కు చెదరలేదు.

బయటికి వచ్చేసరికి ఏడు దాటింది. అమ్మాయి కారు ఎక్కుతుంటే ఎదురుగా సూర్యుడు వచ్చాడు. 18వ తేదీ రెండోసారి తెల్లారింది. మా అమ్మాయి వాళ్ళమ్మ పాదాలు చూసి ఏడ్చేసింది.

ఎడిసన్‌లో మొదటి వారం గురించి ఎక్కువ చెప్పను. పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఆ నెలలో అక్కడ దాదాపు చినుకు పడలేదు, ఆకులన్నీ పసుపూ ఎరుపూ అయి ఎండలో మెరిసిపోయేవి. ఓక్ ట్రీ రోడ్డు మీద గోంగూర కట్ట ధర చూసి మా ఆవిడ వెనక్కి పెట్టేసింది, అమ్మాయి మళ్ళీ బుట్టలో వేసింది. ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఎనిమిదేళ్ళుగా అమ్మాయి అక్కడి తొమ్మిది గంటలకి ఆఫీసుకి పోతూ ఫోన్ చేస్తుంది, మార్చి నుంచి నవంబర్ దాకా మాకు అది సాయంత్రం ఆరున్నర. ఎడిసన్‌లో మొదటి సోమవారం తొమ్మిదింటికి మా ఆవిడ అలవాటుగా ఫోన్ చేతిలోకి తీసుకుంది. అమ్మాయి వంటగదిలో ఉంది, కాఫీ కలుపుతోంది.

న్యూయార్క్, అక్టోబర్ 26

మెట్రోపార్క్ స్టేషన్లో రైలెక్కించి, "పెన్ స్టేషన్‌లో దిగండి, అల్లుడుగారు అక్కడ ఉంటారు" అని పంపింది అమ్మాయి. కాసేపటికి "పెన్ స్టేషన్" అని వినబడింది, దిగేశాం. అల్లుడు కనబడలేదు. అరగంట నిలబడ్డాక తెలిసింది, అది న్యూవార్క్ పెన్ స్టేషన్. మేం దిగాల్సింది నది దాటాక వచ్చే న్యూయార్క్ పెన్ స్టేషన్. రెండింటికీ ఒకటే పేరు.

బెంచీ మీద మన పోలికలున్న అరవై ఏళ్ళావిడ ఉంటే తెలుగులో అడగబోయాను. ఆవిడకి ఇంగ్లీషు తప్ప రాదు. గయానా మనిషి. వాళ్ళ పూర్వీకురాలు ఒకావిడ మద్రాసులో ఓడెక్కి చెరకు తోటలకి వెళ్ళిందని ఇంట్లో చెప్పుకునేవారట. ఏ ఊరో, ఏ భాషో ఎవరికీ గుర్తులేదు. మన దేశం నుంచి గయానాకి మొదటి ఓడలు 1838 జనవరిలో కలకత్తాలో బయల్దేరి మే 5న చేరాయని నాకు తెలుసు, చెప్పాను. దాదాపు నాలుగు నెలలు. ఆ తేదీ వాళ్ళకి పండగ అని ఆవిడ చెప్పింది. మా ఆవిడ పాదాల వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. దాన్ని చూసి ఆవిడ "ఎన్ని గంటలు?" అని అడిగింది. పద్దెనిమిదిన్నర అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మమ్మల్ని తనే తర్వాతి రైలెక్కించి, రైలు కదిలేదాకా నిలబడింది. ఆ మొహం మా వీధిలో ఎవరిదో అని మా ఆవిడ న్యూయార్క్ వచ్చేదాకా ఆలోచించింది.

సబ్‌వే టికెట్ అప్పుడు 2.90 డాలర్లు, ఎంత దూరమైనా అంతే. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ చూశాం, 1913లో తెరిచినది. హాలు మధ్యలో నాలుగు ముఖాల గడియారం. నా హెచ్ఎంటీ దానితో సరిపోయింది. అక్కడ బోర్డు మీద రాసిన టైముకి రైళ్ళు ఒక్క నిమిషం ఆలస్యంగా కదులుతాయట, పరుగెత్తుకొచ్చేవాళ్ళ కోసం. ఆ నిమిషం నాకు మనుషుల మీద ప్రేమలా అనిపించింది.

అమెరికాలో ఊరికో టైము ఉండే రోజుల్లో రైలు కంపెనీలన్నీ కలిసి 1883 నవంబర్ 18న ఒక పద్ధతి పెట్టుకున్నాయి. 75 డిగ్రీల పశ్చిమ రేఖాంశం లెక్క ఈ తీరానికి. ఆ రోజు న్యూయార్క్ గడియారాలు నాలుగు నిమిషాలు వెనక్కి జరిగాయి. మన టైము కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖది. ఆ రేఖ నుంచి ఈ రేఖకి పదిన్నర గంటలు. మనవరాలికి ఇదంతా అక్కడే నిలబడి చెప్పాను. "తాతయ్యా, మరి ఇప్పుడు తొమ్మిదిన్నరే కదా తేడా?" అంది. వారం ఆగు, చూపిస్తానన్నాను.

ఎడిసన్, నవంబర్ 3

మార్చిలో ఒక గంట ముందుకి జరిపిన అక్కడి గడియారాలన్నీ ఆ ఆదివారం తెల్లవారుజామున రెండింటికి మళ్ళీ ఒక గంట వెనక్కి వెళ్ళాయి. ఫోన్లు వాటంతటవే మారిపోయాయి. నా హెచ్ఎంటీ ఒక్కటే మారలేదు. మనవరాలు ముల్లు తిప్పుతానని ముందురోజు నుంచే అడుగుతోంది, దాని చేతికే ఇచ్చాను. రాత్రి అబ్బాయి సింగపూర్ నుంచి ఫోన్ చేస్తే అక్కడ మర్నాడు ఉదయం తొమ్మిది, ఇక్కడ ఎనిమిది. ముళ్ళు విడిపోయాయి.

తిరుగు ప్రయాణం, నవంబర్ 11, 12

ఉదయం ఎక్కాం. ఈసారి అట్లాంటిక్ దాటి, యూరప్ మీదుగా. విడిపోయేటప్పటి సంగతి రాయను.

పదిహేను గంటలు గడిచాక మా ఆవిడ తెరమీద మన దేశం పటం చూసి నన్ను లేపింది. ఇంకాసేపటికి విశాఖపట్నం అని అక్షరాలు వచ్చాయి. మన టైము పదకొండున్నర. కింద తెల్లటి మబ్బులు తప్ప ఏమీ లేవు. ఆవిడ నుదురు కిటికీకి ఆనించి కూర్చుంది. "ఇల్లు ఇక్కడే కదండీ" అంది. ఇక్కడే. కానీ సింగపూర్ ఇంకా నాలుగు గంటలు, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి నాలుగు గంటలు. ఆ మబ్బుల కింద సరిగ్గా మన తీరం ఉందని తెలిసి కూడా ముందుకే పోవాలి. 31 ఏళ్ళు దారంతో కొలిచిన దూరం అప్పుడు గుండెకి తగిలింది.

అబ్బాయి దగ్గర రెండు రోజులు ఉండి, విశాఖ వచ్చి, రైల్లో రాజమండ్రి చేరాం. ఇంటికి వెళ్ళే దారిలో గోదావరి గట్టు దగ్గర ఆగినప్పుడు మా ఆవిడ పర్సులోంచి రూపాయి తీసి గోదాట్లో వేసింది.

ముల్లు మన టైముకి తిప్పాను. అమ్మాయి అక్కడి తొమ్మిదింటికే ఫోన్ చేస్తోంది. మాకిప్పుడు అది ఏడున్నర. ఆరున్నరకి దీపం పెట్టి ఫోన్ కోసం కూర్చోవడం అలవాటైన మనిషి, ఈ గంటసేపూ అరుగు మీదకి వచ్చి వీధి చూస్తూ నిలబడుతోంది. మార్చి దాకా ఇంతే.